డాష్‌బోర్డులో గట్టి చోటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటివారంలో, గన్నవరంలోని మా డిజైన్ కేంద్రానికి ఒక పని వచ్చింది. చెన్నైలోని ఒక కార్ల కంపెనీ తన చిన్న కారుకి డాష్‌బోర్డు వెనక ఉండే దూలాన్ని తేలిక చేసి ఇమ్మంది. అప్పటికి నేను ఆ విభాగంలో డిప్యూటీ జనరల్ మేనేజర్ని. రిటైర్మెంటుకి ఏడాదికి కాస్త ఎక్కువ మిగిలి ఉంది. ఈ దూలం నాదే అవుతుందని నేనూ, మా ఆవిడా, విభాగంలో సగంమందీ అనుకున్నాం. ఆ సగంమందిలో ఎంతమంది నన్ను సంతోషపెట్టడానికి అన్నారో నాకు తెలియదు.

కారులో కూర్చున్నవాళ్ళకి డాష్‌బోర్డు గట్టి గోడలా కనిపిస్తుంది. నిజానికి ఆ ప్లాస్టిక్ తన బరువు తానే మోసుకోలేదు. ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే రెండు స్తంభాల మధ్య, దాని వెనక అడ్డంగా ఒక దూలం ఉంటుంది. క్రాస్ కార్ బీమ్ అని దాని పూర్తి పేరు, ఆఫీసులో బీమ్ అనేవాళ్ళం. స్టీరింగు దాన్ని పట్టుకునే నిలబడుతుంది. ఏసీ పెట్టె, ఎడమపక్క సీటువారి ఎయిర్‌బ్యాగు, స్క్రీను, వైర్ల కట్టలు అన్నీ దానికే బిగిస్తాం. పక్కనుంచి ఏ లారీయో గుద్దితే ఆ స్తంభాలు రెండూ దగ్గరికి రాకుండా అడ్డుకునేదీ అదే. మాది బందరు దగ్గర సముద్రం ఒడ్డు. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. నీ ఉద్యోగం ఏంట్రా అని ఆయన అడిగితే, పడవ రెండు పక్కలూ ముడుచుకోకుండా అడ్డంగా బల్ల బిగిస్తారు కదా, నేను కార్లలో ఆ పని చేస్తానని చెప్పాను. ఆయనకి వెంటనే అర్థమైంది. మా చుట్టాల్లో మిగతా ఎవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు. కారు కొన్నవాడెవడూ ఆ దూలాన్ని జన్మలో చూడడు మరి.

నా ఉద్యోగమంతా బ్రాకెట్లతోనే గడిచింది. బ్రాకెట్టు అంటే బీమ్‌కీ దాని మీద కూర్చునే వస్తువుకీ మధ్య వంచిన రేకుముక్క. పుణెలో చేరిన కొత్తలో స్టీరింగు బ్రాకెట్టు గీశాను. తర్వాత ఏసీ బ్రాకెట్టు, ఎయిర్‌బ్యాగు బ్రాకెట్టు, పెడళ్ళ బ్రాకెట్టు. బీమ్ మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. రోడ్డు మీద తిరిగే కార్లలో నా రేకుముక్కలు ఉన్నాయిగానీ, ఇది నా బీమ్ అని చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. అందుకే ఈ పని రాకముందునుంచే ఒక డిజైను తయారుచేసి పెట్టుకున్నాను. డ్రైవరు వైపు లావుపాటి ఉక్కు గొట్టం, ఎడమవైపు సన్నపాటిది, మధ్యలో రెంటినీ కలిపే అతుకు. స్టీరింగు ఉన్నచోటే బలం కావాలి, లేనిచోట ఎందుకు దండగ అన్నది అందులోని ఆలోచన. సిగ్నల్ దగ్గర కారు ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు స్టీరింగు చేతుల్లో వణకకూడదు. మా పనిలో మొదటి పరీక్ష అదే. నా డిజైను ఆ పరీక్షని హాయిగా దాటింది.

అడ్డొచ్చినవాడు మురళీకృష్ణ.

మేమిద్దరం పుణెలో ఒకే బ్యాచిలో చేరాం. అతనిది ఉయ్యూరు దగ్గర చెరకు పండించే కుటుంబం. నేను పుణెలోనే బ్రాకెట్లు గీసుకుంటూ ఉండిపోయాను. అతను నాలుగేళ్ళకే జర్మనీ వెళ్ళి, తిరిగొచ్చేసరికి నాకన్నా ఒక మెట్టు పైన కూర్చున్నాడు. గన్నవరంలో కేంద్రం తెరిచినప్పుడు ఇద్దరం సొంత జిల్లాకి వచ్చేశాం. ఆ మెట్టు కూడా మాతోనే వచ్చింది. అతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడానికి ఇప్పుడేముంది? మీటింగులో అతను మాట్లాడుతుంటే కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నేను అదే మాట అంతకు ముందు రోజు చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. చెన్నైవాళ్ళు ఫోన్లో నన్ను సార్ అనేవాళ్ళు, అతన్ని మురళీ అనేవాళ్ళు. సార్ అనిపించుకోవడం దూరం పెట్టడమేనని నాకు ఆ విభాగంలోనే తెలిసింది. ఎండాకాలంలో అతను నూజివీడు నుంచి రసాలు తెప్పించి అందరికీ పంచేవాడు. నా వాటా తీసుకోకూడదనుకుంటూనే ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. మా ఆవిడ టెంక కూడా వదలకుండా చీకి, "ఎంత మంచాయనండీ!" అనేది. ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

మురళి బీమ్ వేరే రకం. పలచటి ఉక్కు గొట్టం ఒకటే పెట్టి, దాని చుట్టూ గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోసి, బ్రాకెట్లన్నీ ఆ ప్లాస్టిక్‌లోనే వచ్చేలా చేశాడు. అంటే నేను జీవితమంతా గీసిన రేకుముక్కలు అతని బీమ్‌లో అసలు లేవు. బరువులో నాదానికీ దానికీ పోలికే లేదు. చెన్నైవాళ్ళు అతనిదే ఎంచుకున్నారు. నాది ఫైల్లో ప్రత్యామ్నాయంగా ఉంచారు. మురళి బీమ్‌లో సరిచేయలేని లోపం ఏదైనా బయటపడితే, గొట్టాలు వంచి వెల్డింగు చేస్తే సరిపోయే నా బీమ్‌కి అచ్చులు అక్కర్లేదు కాబట్టి, దాన్ని వాడుకుంటారు. ఆ చిన్న ఆశ పట్టుకుని వేలాడాను.

ఆ వారంలోనే మా డైరెక్టరు విజయమేరీ గారు నన్ను పిలిచి, మురళి బీమ్‌కి చెకర్‌గా నన్ను వేశానన్నారు. చెకర్ అంటే తనిఖీదారు. డ్రాయింగు గీసినవారు, తనిఖీ చేసినవారు, ఆమోదించినవారు అని కింద మూడు గళ్ళుంటాయి. మధ్య గడిలో సంతకం పడనిదే డ్రాయింగు బయటికి వెళ్ళదు. ఆ డిజైనులో వేలు పెట్టనివాళ్ళే ఆ సంతకం చెయ్యాలన్నది నియమం. తల కొట్టేసినట్టయింది. పెళ్ళికొడుకు కావలసినవాణ్ణి సాక్షి సంతకానికి పిలిచినట్టు ఉంది నా పరిస్థితి. మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. తప్పు పట్టుకునే అధికారం నా చేతికే ఇచ్చారు కదా!

అంత శ్రద్ధగా నేను ఏ డ్రాయింగూ చూడలేదు, నాది కూడా. ప్రతి కొలతా తీసి మళ్ళీ వేశాను. వణుకు పరీక్ష నివేదిక చదివాను, బాగుంది. మోకాలు గుద్దుకునే పరీక్ష, ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు వెనక్కి తన్నే బలం, ఎండలో ప్లాస్టిక్ మెత్తబడటం, అన్నీ బాగున్నాయి. కోడిగుడ్డు మీద ఈకలు పీకి ఒక బోల్టు పక్కన స్పానరు తిరగడానికి చోటు చాలదని రాశాను. సాయంత్రానికల్లా మురళి సరిచేసి, థాంక్సండీ ఏడుకొండలు గారూ అని మెసేజి పెట్టాడు. ఆ థాంక్స్ చూసి పళ్ళు నూరుకున్నాను.

అలా ఉండగా మా బావమరిది శ్రీను కొత్త కారు కొన్నాడు. బందరులో చేపల వ్యాపారం వాడిది. కారుకి పూజ చేయించి, డాష్‌బోర్డు మీద దేవుణ్ణి పెట్టించడానికి ఆటోనగర్ వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. ఇంజనీరు బావ పక్కనుంటే షాపువాళ్ళు జాగ్రత్తగా చేస్తారని వాడి నమ్మకం. పంచలోహ విగ్రహం, అరచేయంత ఉంటుంది, బరువైనదే. షాపు కుర్చీలో కూర్చుని, టేపుతో అంటిస్తే పోతుంది కదా అన్నాను.

"ఏం మాటలు బావా!" అన్నాడు శ్రీను. "మన బెజవాడ ఎండకి టేపు గమ్ కరిగి స్వామి పడిపోతే ఇంట్లో ఆడాళ్ళు ఊరుకుంటారా? స్క్రూ వేయాల్సిందే."

ఫిట్టరు తల ఊపి పని మొదలుపెట్టాడు. ముందుగా డాష్‌బోర్డు మధ్యలో వేలి కణుపుతో తట్టాడు. తర్వాత కాస్త ఎడమకి జరిగి తట్టాడు, డొల్లగా పలికింది. మళ్ళీ మధ్యకి వచ్చి, "ఇదిగోనండీ, ఇక్కడ గట్టిగా ఉంది" అని డ్రిల్లు పెట్టాడు. దానికి కారణం నాకు తెలుసు. పాత రకం బీమ్‌లకి మధ్యలో నేల నుంచి పైదాకా ఒక ఉక్కు కాలు ఉంటుంది, డాష్‌బోర్డు పైభాగం దాని మీద ఆని ఉంటుంది. అందుకే మన దగ్గర దేవుళ్ళందరూ కారు మధ్యలోనే కొలువై ఉంటారు. అది భక్తి అనుకుంటాం. సగం భక్తి, సగం ఆ కాలు.

స్క్రూ దిగుతుండగా మురళి డ్రాయింగు కళ్ళముందుకి వచ్చింది. బరువు తగ్గించడానికి అతను ఆ కాలిని పొట్టి చేశాడు. అతని కారులో మధ్య భాగం డొల్ల. తట్టుకుంటూ ఎడమకి వెళ్తే మొట్టమొదట గట్టిగా పలికేది ఎయిర్‌బ్యాగు పెట్టె అంచు. పైగా ఆ కారులో ఎయిర్‌బ్యాగు మూత గీత బయటికి కనిపించదు, అందంకోసం లోపలివైపు కోత పెట్టి వదిలేశారు. అంటే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రతి ఫిట్టరూ దేవుణ్ణి తీసుకెళ్ళి ఎయిర్‌బ్యాగు నెత్తిన బిగిస్తాడు. స్క్రూ లోపలి సంచిని చీల్చవచ్చు. చీల్చకపోతే, గుద్దుకున్న క్షణంలో మూత లేచి ఆ పంచలోహం ఎదురు సీటువారి మొహం మీదికి వస్తుంది. మా పరీక్షల జాబితాలో ఇది లేదు. ఆ జాబితా తయారుచేసిన దేశాల్లో కారులో దేవుణ్ణి స్క్రూ వేసి బిగించరు.

నాకు కలిగింది ఆనందం. ఎవరి ప్రాణమో కాపాడానన్న ఆనందం అనుకునేరు, కాదు. మురళి దొరికాడన్న ఆనందం. శ్రీను విగ్రహానికి దణ్ణం పెట్టుకుంటుంటే నేనూ పక్కన నిలబడి మనస్ఫూర్తిగా పెట్టుకున్నాను.

ఆటోనగర్ దాటేలోపే రెండో లెక్క తట్టింది. ఇప్పుడు చెబితే మురళి సరిచేసుకుంటాడు. ప్లాస్టిక్ అచ్చులకి ఆర్డరు వెళ్ళాక చెబితే సరిచేయడానికి వ్యవధి ఉండదు. అచ్చు ఒకసారి ఉక్కులో చెక్కాక మార్చడం నెలల పని. కారు విడుదల ఆగదు కాబట్టి, మధ్య కాలు ఉన్న నా బీమ్ ఫైల్లోంచి బయటికి వస్తుంది. నేను చేయవలసిందల్లా కొన్నాళ్ళు నోరు మూసుకోవడం. ఒకటి రెండు రోజులు గోతికాడ నక్కలా కూర్చున్నాను. అంతలో ఒక భయం పట్టుకుంది. ఇంకెవరైనా కనిపెడితే? చెన్నైలో ఏ తెలుగు కుర్రాడో సొంత కారులో దేవుణ్ణి పెట్టించుకుంటూ ఇదే చూస్తే? మురళి తప్పు పట్టిన ఘనత వేరేవాడికి పోతుంది, చెకర్ గడిలో నా సంతకం మాత్రం వెర్రిమొహం వేసుకుని మిగిలిపోతుంది. అది ఊహించుకోలేకపోయాను. నిజాయితీ కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. కానీ నన్ను కుర్చీలోంచి లేపింది ఈ భయమే.

తర్వాతి రివ్యూ మీటింగులో లేచి చెప్పాను. చెన్నైవాళ్ళు స్క్రీను మీద ఉన్నారు. అందరిముందూ చెప్పాలనే అంతదాకా ఆగాను. చెన్నై ఇంజనీరు ఒకాయన, జనం టేపుతో అంటిస్తారుగా అన్నాడు. నేను బెజవాడ ఎండ గురించి చెప్పాను. మురళి వాదిస్తాడని ఇంట్లో అద్దం ముందు జవాబులు సాధన చేసి వచ్చాను. అతను వాదించలేదు. తన డ్రాయింగులో మధ్యభాగం మీద వేలు పెట్టి చూసుకుని, "ఒకసారి కిందకి వెళ్దామాండీ?" అన్నాడు.

అందరం పార్కింగుకి దిగాం. మురళి తన కారు తలుపు తీసి డాష్‌బోర్డు తట్టాడు. మధ్యలో అమ్మవారు, స్క్రూ మీదే. పక్క కారులో వినాయకుడు, స్క్రూ మీదే. పెద్ద పెద్ద జీతాలు తీసుకునే ఇంజనీర్లం మిట్టమధ్యాహ్నం ఎండలో కార్లలోకి వంగి తలుపు కొడుతున్నట్టు తట్టుకుంటూ తిరిగాం. సెక్యూరిటీ అతను ముక్కున వేలేసుకుని చూశాడు. విజయమేరీ గారు తన కారు చూపించి, "మా మేరీమాత కూడా స్క్రూ మీదే ఉందండీ. గుణదల తిరనాళ్ళలో కొన్నాం. పోయిన ఎండాకాలం టేపు ఊడి పడిపోతే మా అమ్మ నాతో మాటలు మానేసింది" అన్నారు. ఆ కార్లలో తిరిగేవాళ్ళమే బీమ్‌లు గీసేవాళ్ళం. ఒక్కరికీ తట్టలేదు. నా గొట్టాల బీమ్‌కి మధ్య కాలు ఉందంటే అది పాత అలవాటు కొద్దీ ఉంది, ఆలోచించి పెట్టింది కాదు. అది మాత్రం ఆ ఎండలో ఎవరికీ చెప్పలేదు.

మురళి కుంగిపోతాడనుకున్నాను. వారం తిరగకుండా అచ్చులో చిన్న మార్పు చేసి తెచ్చాడు. మధ్యలో, పైభాగం కింద, రెండు పక్కటెముకల్లాంటి పట్టీలు లేపి వాటి మధ్య మరలున్న ఇత్తడి నట్టు ఒకటి పొదిగాడు. పైన రూపాయి బిళ్ళంత మూత. మూత తీసి విగ్రహాన్ని నేరుగా బిగించుకోవచ్చు, డ్రిల్లు అక్కర్లేదు. తెలియనివాడు తట్టి చూసినా ముందు అక్కడే గట్టిగా పలుకుతుంది. ఎయిర్‌బ్యాగు పెట్టె అంచుని మాత్రం లోపలికి తగ్గించి, పైన తడితే డొల్లగా పలికేలా చేశాడు. తప్పుని సరిచేయమంటే ఆ తప్పుతోనే ఇల్లు కట్టుకున్నాడు. చెన్నైవాళ్ళు గాల్లో తేలిపోయారు. అమ్మకాల విభాగం ఆ నట్టునే ప్రకటనలో వేసింది. మా ఆఫీసులో దాన్ని దేవుడి పీట అనేవారు. ఆ ఏడాది కంపెనీ ఇచ్చే డిజైను బహుమతి మురళికి వచ్చింది. వేదిక మీద అతను, ఈ ఆలోచనకి మూలం ఏడుకొండలు గారి తనిఖీ అని నా పేరు పెట్టి మరీ చెప్పాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎంత పెద్ద మనసో చూశారా అన్నారు. నా పేరు చెప్పినందుకు కూడా మెచ్చుకున్నది అతన్నే.

నేను సంతకం పెట్టాను. నా గొట్టాల బీమ్ ఫైల్లోనే ఉండిపోయింది, నేను రిటైరయ్యాను.

వీడ్కోలు సభ అయ్యాక టీ తాగుతూ విజయమేరీ గారు ఒక మాట చెప్పారు. నన్ను చెకర్‌గా వేయాలన్నది ఆవిడ నిర్ణయం కాదట. మురళి అడిగాడట.

"ఎవరు కావాలయ్యా అంటే మీ పేరే చెప్పాడండీ" అన్నారావిడ. "'ఆయనకి నా బీమ్ పాసవడం ఇష్టం లేదండీ, ఆయన చూసి వదిలితే ఇంకెవరికీ తప్పు దొరకదు' అన్నాడు. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

నాకు తెలియదు. నా కడుపుమంట నా సొంత వ్యవహారం అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎవరికీ తెలియకుండా జాగ్రత్తగా దాచుకున్నాననుకున్నాను. అతను దాన్ని చూశాడు, నొచ్చుకోలేదు, మోకాలి దెబ్బలాగా, ఎండలాగా లెక్కలో వేసుకుని పనికి వాడుకున్నాడు. ఈ ఉపాయం నాకు తట్టనందుకు అతని మీద ఇంకో పొర అసూయ పేరుకుంది.

ఈ వ్యవహారం వల్ల నేర్చుకున్నది ఒకటుంది. నా డ్రాయింగులన్నీ స్నేహితులే తనిఖీ చేశారు. ఒకరిది ఒకరం టీ తాగుతూ చూసుకుని, బాగుందిరా అని సంతకాలు పెట్టుకునేవాళ్ళం. బాగున్నవి బాగున్నాయి, మిగతావి అదృష్టం కొద్దీ గడిచాయి. డ్రాయింగుని అది పాసవకూడదని కోరుకునేవాడి చేతిలో పెట్టాలి. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకోవడానికి కావలసిన ధైర్యం మురళికి ఉంది, నాకు లేదు. నాకు అతనికన్నా మంచి చెకర్ దొరికేవాడు కాదు, ఒక్కసారీ అడగలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే.

ఆ కారు ఇప్పుడు గన్నవరం విమానాశ్రయం దగ్గర టాక్సీల్లో చాలా కనిపిస్తుంది. ఎక్కితే నేను ముందు సీట్లోనే కూర్చుంటాను. దేవుడు ఉంటే మధ్యలోనే, సరిగ్గా నట్టు మీదే ఉంటాడు. లేకపోతే డ్రైవరు చూడనప్పుడు వేలితో అక్కడ తట్టి చూస్తాను. గట్టిగానే పలుకుతుంది. ఎప్పుడైనా డొల్లగా పలకకపోతుందా అని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.